మగ్గముల నూనె పరీక్ష: మొదలుపెట్టేవారికి ఒక పాఠము

గంజి పదును చూచుటలో మన పెద్దలకు ఒక పద్ధతి ఉండేది. కాగిన గంజిని కొంచెము బొటనవ్రేలికీ చూపుడువ్రేలికీ నడుమ తీసుకొని, వ్రేళ్లు మెల్లగా విడదీసేవారు. తీగ ఎంత సాగింది, ఎక్కడ తెగింది చూచి, "ఈ నూలుకు ఇది చాలదు, ఇంకా ఉడకనీ" అనో, "చిక్కబడింది, ఒక చెంబు నీళ్లు పొయ్యి" అనో చెప్పేవారు. వారి దగ్గర కొలసీసాలు లేవు, ఉష్ణమాపకములు లేవు. చూపు ఉండేది, అలవాటు ఉండేది.

మరమగ్గములు వచ్చినవి. వాటి వెనుక రేపియరు మగ్గములు, గాలి కంప్రెసర్లు వచ్చినవి. గంజిని ఇప్పటికీ పట్టి చూస్తున్నాము గాని, యంత్రము కడుపులో తిరిగే నూనెను మాత్రము ఎవ్వరమూ చూడము. పుస్తకములో ఆరు నెలలకు మార్చమని ఉంటే మార్చుతాము, లేదా మరచిపోతాము. తీసిన నూనెను డబ్బాలో పోసి మూలన పెడతాము. అలా మూలన పెట్టిన ఒక డబ్బా సంగతి మొదట చెప్పి, తరువాత పాఠములోకి వస్తాము.

సోలాపురములోని మా కార్ఖానాలో టెర్రీ తువాళ్లు నేసే రేపియరు మగ్గములు నాలుగు ఉన్నవి. నాలుగూ యూరపులో కొన్నేళ్లు నడిచి, చేతులు మారి మన దగ్గరకు వచ్చినవే. బ్యాంకు అప్పు మీద కొన్నాము. వాటిలో రెండవ మగ్గము గేరుబాక్సు ఒక దీపావళికి ముందు, ఆర్డరు చేతిలో ఉండగా, ఉన్నట్టుండి బిగిసిపోయినది. విప్పి చూస్తే ఒక బేరింగు పంజరము ముక్కలైనది. ఆ ముక్కలు పోయి గేరు పళ్ల నడుమ పడినవి. సామాను బొంబాయి నుండి రావలసి వచ్చినది. పందొమ్మిది రోజులు మగ్గము నిలిచినది, వాయిదా మాత్రము నిలువలేదు. ఇంట్లో ఆడవాళ్ల గొలుసు ఒకటి ఆ నెలలో బ్యాంకు గడప ఎక్కినది.

నూనె సకాలములో మార్చితిమి గదా, ఇది మన ప్రాప్తము అనుకొని ఊరుకొనేవారమే. మా జాబరు మాత్రము ఊరుకోలేదు. అంతకు అయిదు నెలల ముందు ఆ గేరుబాక్సు నుండి తీసిన నూనె, గొలుసులకు పూయుటకని దాచిన డబ్బాలో ఇంకా ఉన్నది. దానిని ఎండలోకి తెచ్చి, ఒక పళ్లెములో పలుచగా వంచి, "అన్నా, ఇటు చూడు" అన్నాడు. జరీ నలిగి రాలినట్టు సన్నటి మెరుపులు. బేరింగు అయిదు నెలల ముందు నుండే అరుగుతున్నదన్నమాట. అప్పుడు ఆ పళ్లెము చూచి ఉంటే ఒక ఆదివారము మగ్గము ఆపి, ఒక్క బేరింగు మార్చి ఊరుకొనేవారము.

ఆ తరువాత మేము నూనె పరీక్ష గురించి అడిగి, చదివి, కొంత డబ్బు పెట్టి, కొన్ని పొరపాట్లు చేసి నేర్చుకొన్నది ఇక్కడ వ్రాస్తున్నాము.

ఇది కొత్త విద్య కాదు. అమెరికాలో డెన్వర్ అండ్ రియో గ్రాండ్ వెస్టర్న్ అనే రైలు కంపెనీవారు 1946లోనే డీజిలు ఇంజనుల పాత నూనెను తమ ప్రయోగశాలలో మండించి, ఆ వెలుగులోని రంగులను బట్టి అందులో ఏ లోహము ఎంత ఉన్నదో కనిపెట్టినారు. ఒక్కొక్క లోహము మండినప్పుడు దానికే చెందిన రంగుల వెలుగునిస్తుంది. అదే దీనికి కిటుకు. ఇంజను విప్పకుండానే లోపల ఏ భాగము అరుగుతున్నదో వారికి తెలిసినది. 1950ల నడుమ నుండి ఆ దేశపు నౌకాదళము తన విమానములకు ఇదే పద్ధతి పట్టుకొన్నది. ఇప్పుడు మన దేశములోనూ ఈ పరీక్షలు చేసే ప్రయోగశాలలు ఉన్నవి. పెద్ద ఆయిలు కంపెనీలు కొన్ని తమ నూనె కొనేవారికి చేసిపెడుతున్నవి.

ఏ యంత్రమునకు చేయించవలెను అన్నది ముందుగా తేల్చుకోవలసిన మాట. మామూలు నాడె మరమగ్గములు మాత్రమే ఉన్నవారికి ఇందులో పని తక్కువ. ఆ మగ్గమునకు కుప్పెతో నూనె చుక్క వేస్తాము, అది బుష్షులో తిరిగి నేల మీద కారిపోతుంది. పరీక్షకు పట్టుటకు నిలువ నూనె అందులో లేదు. అక్కడ సరియైన నూనె, సరియైన చోట, సరియైన వేళకు వేయుటే విద్య. నూనె ఒక తొట్టిలో నిలిచి, మళ్లీ మళ్లీ తిరిగే యంత్రములకే పరీక్ష: రేపియరు మగ్గముల గేరుబాక్సులు, ఎయిర్‌జెట్ మగ్గముల నూనె తొట్లు, స్క్రూ కంప్రెసరు, సైజింగు యంత్రము గేరుబాక్సు, జనరేటరు ఇంజను. అద్దకపు కార్ఖానాలున్నవారికి థర్మిక్ ఫ్లూయిడు హీటరు ఉంటే దానిని అన్నిటికంటె ముందు వ్రాసుకొనవలెను. ఆ నూనె అతి వేడికి విరిగి తేలిక పదార్థములు పుట్టితే, దాని మంట అందుకొనే ఉష్ణోగ్రత దిగిపోతుంది. అది అరుగుదల సంగతి కాదు, అగ్ని సంగతి.

ఇక్కడ ఒక లెక్క. మా గేరుబాక్సులో పట్టే నూనె అయిదు లీటర్లు. దాని ఖరీదును పరీక్ష రుసుము ప్రక్కన పెట్టి చూచి, "పరీక్ష ఎందుకు, నూనె మార్చితే పోలేదా" అని మా తమ్ముడు అడిగినాడు. నూనెను కాపాడుటకే అయితే అతని మాటే నిజము. అయిదు లీటర్ల నూనె కోసము ఎవరూ పరీక్ష చేయించనక్కరలేదు. మేము చేయించేది గేరుబాక్సు కోసము. వందల లీటర్లు పట్టే తొట్టి ఉన్నవారికి నూనె ఆదా కూడా కలిసివస్తుంది. మనవంటి వారికి అది రాదు.

ప్రయోగశాల నూనెను మూడు ప్రశ్నలు అడుగుతుంది. నీ ఆరోగ్యము ఎట్లున్నది? నీలోకి బయట నుండి ఏమి వచ్చినది? యంత్రము నుండి నీలోకి ఏమి రాలినది? రిపోర్టులో ఎన్ని అంకెలు ఉన్నా ఈ మూటిలో ఒకదానికి జవాబే.

మొదటి ప్రశ్నకు ముఖ్యమైన జవాబు చిక్కదనము. గంజికి మన పెద్దలు వ్రేళ్లతో చూచినదే ఇది. దీనిని 40 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద సెంటీస్టోక్సు అనే కొలతలో చెప్పుతారు. డబ్బా మీద వి.జి. 150 అని ఉంటే, ఆ వేడిలో దాని చిక్కదనము 150కి నూటికి పది హెచ్చుతగ్గులలో, అనగా 135 నుండి 165 లోపల ఉండవలెనని అర్థము. వి.జి. 46 అయితే 41.4 నుండి 50.6 వరకు. వాడిన నూనె అంకె కొత్త నూనె అంకెకు నూటికి పది దాటి ఎటు జరిగినా కారణము వెదకవలెను. నూనె కాలి పాతబడితే చిక్కబడుతుంది. పలుచబడితే సాధారణముగా వేరే పలుచని నూనెగాని, ఇంజనులో అయితే డీజిలుగాని కలిసినట్టు.

దానికి తోడు ఆమ్ల సంఖ్య. నూనె గాలితో కలిసి పులిసినకొద్దీ ఆమ్లము పెరుగుతుంది. మజ్జిగ పులిసినట్టే, వేడిలో ఇంకా త్వరగా పులుస్తుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే పులిసే వేగము సుమారు రెండింతలవుతుందని అనుభవజ్ఞుల లెక్క. మే నెలలో రేకుల కప్పు క్రింద, గోడకు ఆనించి పెట్టిన కంప్రెసరుకు ఏమవుతుందో దీనిని బట్టి చూచుకొనవచ్చును. ఆమ్ల సంఖ్య ఎంత ఉంటే మంచిది అని ఒక్క అంకె చెప్పుటకు వీలులేదు. కొన్ని కొత్త నూనెలలోనే, కలిపిన మందుల వల్ల, ఆ సంఖ్య ఎక్కువగా ఉంటుంది. అందుచేత కొత్త డబ్బా నుండి ఒక సీసా తీసి మొట్టమొదట దానినే పరీక్షకు పంపవలెను. మేము మొదటిసారి ఈ పని చేయలేదు. వచ్చిన రిపోర్టు దేనితో పోల్చుకోవాలో తెలియక మళ్లీ రుసుము కట్టినాము.

రెండవ ప్రశ్న, బయట నుండి వచ్చినవి. ఇందులో నీరు, దుమ్ము ముఖ్యము. నీటిని పది లక్షల పాళ్లలో ఇన్ని పాళ్లని చెప్పుతారు, రిపోర్టులో పి.పి.ఎం. అని ఉంటుంది. 500 పాళ్లంటే వినుటకు పెద్దగా ఉన్నది గాని, మా అయిదు లీటర్లలో అది అర చెంచా నీరు. ఆ అర చెంచా బేరింగు ఉక్కుకు తుప్పు పట్టించుటకు చాలును. సైజింగు యంత్రముల దగ్గర ఆవిరి ఉంటుంది గనుక నీటి అంకె తప్పక అడగవలెను. భీవండిలోని మన వారు వానకాలములో కంప్రెసరు నూనెకు కూడా అడగవలెను. కంప్రెసరు కొంచెము నడిచి, ఆగి, మళ్లీ నడుస్తూ సరిగా వేడెక్కకపోతే, గాలిలోని తేమ ఆవిరిగా పోక నూనెలోనే దిగుతుంది.

దుమ్మును రిపోర్టులో సిలికాను చూపుతుంది, ఏలయనగా మట్టిలో ఇసుక పదార్థము హెచ్చు. మట్టితో అల్యూమినియము కూడా వస్తుంది. రెండూ జంటగా పెరిగితే దుమ్మనుకొనవలెను. సిలికాను ఒక్కటే పెరిగితే, మేస్త్రీ మూతకు పూసిన సీలెంటు వల్లగాని, నురుగు పట్టకుండా నూనెలో కలిపిన మందు వల్లగాని కావచ్చును. మన కార్ఖానాలలో గాలినిండా తేలే దూది నుసి ఈ అంకెలో కనబడదని గుర్తుంచుకొనవలెను. దాని అపకారము వేరు. అది గేరుబాక్సు ఊపిరి రంధ్రమును మూస్తుంది. లోపల గాలి వేడెక్కి వ్యాకోచించి, దారిలేక, సీలుల గుండా నూనెను బయటికి తోస్తుంది. సీలు కారుతున్నదని సీలు మార్చుతూ పోయేవారు ఒకసారి ఊపిరి మూత విప్పి చూచిన మేలు.

కొన్ని రిపోర్టులలో 18/16/13 వంటి మూడు అంకెలు కనబడతవి. ఒక మిల్లీలీటరు నూనెలో 4, 6, 14 మైక్రాన్లు, అంతకు మించిన కణములు ఎన్ని ఉన్నవో వరుసగా చెప్పే గుర్తులవి. 18 అంటే 1300 నుండి 2500 కణములు. అంకె ఒకటి పెరిగితే కణములు రెట్టింపు. కంటికి 40 మైక్రాన్లకు తక్కువ కణము కనబడదు గనుక, స్వచ్ఛముగా కనబడే నూనె స్వచ్ఛమని నమ్మరాదు. హైడ్రాలికు యంత్రములకు ఇది ప్రాణము వంటి అంకె. మగ్గము గేరుబాక్సుకు దీని మీద డబ్బు పెట్టనక్కరలేదని మా అభిప్రాయము.

మూడవ ప్రశ్న, యంత్రము నుండి రాలినవి. ఇనుము గేర్ల నుండి, ఇరుసుల నుండి, బేరింగు గుండ్ల నుండి వస్తుంది. రాగి, తగరము కంచు బుష్షుల నుండి, పంజరముల నుండి. ఇంజనులో అయితే సీసము బేరింగు పూత నుండి, క్రోమియము రింగుల నుండి, అల్యూమినియము పిస్టను నుండి. ఒక్క లోహమును చూడక, ఏవి జంటగా పెరిగినవో చూచుట ఇందులోని నేర్పు.

ఇక్కడొక మోసమున్నది, ఇది చాలమందికి తెలియదు. వెలుగు రంగులు చూచే యంత్రమునకు చాల చిన్న కణములే కనబడతవి. రమారమి ఎనిమిది మైక్రాన్లకు మించినవి అందులో సరిగా మండవు. బేరింగు పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంటే ఆ పెచ్చులు పెద్దవి. అప్పుడు ఇనుము అంకె చల్లగానే ఉండవచ్చును, గేరుబాక్సు మాత్రము చావుకు దగ్గరగా ఉండవచ్చును. దీనికి విరుగుడుగా అయస్కాంతముతో ఇనుప తునకల మొత్తమును కొలిచే పరీక్ష ఒకటి ఉన్నది, పి.క్యూ. సూచిక అంటారు. గేరుబాక్సులకు ఇది తప్పక చేర్చమని అడగవలెను. మా రెండవ మగ్గము పాత నూనెను, ఆ డబ్బాలోనిదే, తరువాత తెలుసుకొనుటకు పంపినాము. ఇనుము అంకె మేము భయపడినంత లేదు, పి.క్యూ. మాత్రము మిగిలిన మూడు మగ్గముల కంటె ఎన్నో రెట్లు ఉన్నది.

ఇక నమూనా తీయుట. ఈ విద్యలో సగము పని ఇదే, ఇదే మనము చేయవలసిన సగము. నమూనా చెడితే ప్రయోగశాలవారు ఎంత పెద్ద యంత్రము పెట్టినా మన చేతి మురికిని కొలిచి ఇస్తారు, అంతే.

సీసా ప్రయోగశాలవారు ఇచ్చినదే వాడవలెను. మందుల సీసాను కడిగి వాడితే కడిగిన నీరు రిపోర్టులోకి ఎక్కుతుంది. అదెట్లు తెలుసునంటే, మేమే ఆ పని చేసి, లేని నీటి కోసము రెండు రోజులు వెదకినాము. నూనె వేడిగా, కదిలి ఉన్నప్పుడే తీయవలెను. రాత్రంతా నిలిచిన గేరుబాక్సులో లోహపు తునకలు అడుగుకు దిగిపోతవి. పైనుండి తీస్తే నూనె చక్కగా ఉన్నదంటుంది, అడుగు నుండి తీస్తే కొంప మునిగినదంటుంది. రెండూ అబద్ధమే. కాని నడిచే మగ్గములో చేయి పెట్టరాదు. కనీసము అరగంట నడిచిన మగ్గమును ఆపి, మెయిను స్విచ్చి తీసి, అయిదు పది నిమిషములలో పని ముగించవలెను.

మూత చుట్టూ ముందు గుడ్డతో శుభ్రముగా తుడవవలెను; లేకున్న మూత తీయగానే దూది, దుమ్ము లోపల పడును. చేతి పీల్చుపంపుకు కొత్త ప్లాస్టికు గొట్టము తగిలించి, ఆ గొట్టమును ఒక సన్నని కడ్డీకి కట్టి, నూనె లోతులో సగము వరకు దింపవలెను. కడ్డీకి కట్టకపోతే గొట్టము వంగి అడుగును తాకి మడ్డిని పీలుస్తుంది. ముందు వచ్చిన కొంచెము నూనెను వేరే డబ్బాలో వదిలి, తరువాత సీసాను ముప్పాతిక వరకే నింపవలెను. ప్రయోగశాలలో దానిని కుదిపి కలుపుటకు పైన చోటు కావలెను. ఒక్కొక్క మగ్గమునకు గొట్టము మార్చవలెను. గొట్టము ఖరీదు చూచి రెండు మగ్గములకు ఒకటే వాడితే, ఒకదాని రోగము రెండవదాని మీద వ్రాయబడుతుంది.

ప్రతిసారీ అదే చోటు నుండి, అదే లోతు నుండి, వీలైతే అదే మనిషి తీయవలెను. కొత్త నూనె పోయుటకు ముందే తీయవలెను గాని పోసిన తరువాత కాదు. సీసా మీద మగ్గము నంబరు, తేదీ, నూనె పేరు, గ్రేడు, ఆ నూనె ఎన్ని గంటలు నడిచినది, మధ్యలో ఎంత కలిపినాము ఇవన్నీ వ్రాయవలెను. గంటలు వ్రాయని రిపోర్టు వయసు చెప్పని జ్వరము వంటిది. నూరు గంటలలో ఇనుము 40 పాళ్లు వచ్చుట వేరు, మూడు వేల గంటలలో వచ్చుట వేరు. సీసాలు కార్ఖానాలోనే వారము పది రోజులు పడి ఉండక మరునాడే పంపవలెను.

మా మొదటి రిపోర్టులు వచ్చిన నాటి సంగతి చెప్పితే చదివే పద్ధతి తెలుస్తుంది.

ఒకటవ మగ్గములో ఇనుము 31, సిలికాను 9. మూడవ మగ్గములో ఇనుము 142, సిలికాను 61, అల్యూమినియము 15. రెండు మగ్గములూ ఒకే తయారీ, ఒకే నూనె, రమారమి ఒకే గంటలు. ఒక ఇంటి అన్నదమ్ములను ప్రక్కప్రక్కన నిలబెట్టి చూచినట్టు, ఒకే జాతి యంత్రములను పోల్చి చూచుట కంటె మంచి కొలత మరి లేదు. 142 పాళ్లు అంటే మా నూనె మొత్తములో ఆరువందల మిల్లీగ్రాముల ఇనుముకు కొంచెము పైన. చిటికెడు కూడ కాదు. అయినా అన్నకు 31 ఉన్నచోట తమ్మునికి 142 ఎందుకు? సిలికాను, అల్యూమినియము జంటగా ఉన్నవి గనుక దుమ్ము పోతున్నదని తెలిసినది. వెళ్లి చూస్తే ఊపిరి మూత లేదు. ఎప్పుడో పోయినదట, ఊడ్చే పిల్లవాడు రంధ్రములో గుడ్డ పీలిక కుక్కినాడు. గుడ్డ ఉన్నంతసేపు కొంత నయము, ఊడిన రోజులలో దుమ్ము నేరుగా పోయినది. దుమ్ము నూనెలో కలిసి సానరాయి పని చేసినది. కొత్త మూత ఖరీదు చెప్పుటకు సిగ్గు అయ్యేంత తక్కువ.

నాలుగవ మగ్గము మమ్ములను ఎక్కువ భయపెట్టినది. చిక్కదనము 150 ఉండవలసినది 97కు దిగినది. నూనె చచ్చినది, గేరుబాక్సు విప్పుదామని మేస్త్రీ స్పానర్లు తెచ్చినాడు. మా పెదనాయన కుమారుడు, కాలేజీలో రసాయనము చదివినవాడు, ఆగమన్నాడు. పులిసి చెడితే ఆమ్ల సంఖ్య పెరగవలె, చిక్కబడవలె. ఇక్కడ ఆమ్లము కొత్త నూనెకంటె పెరగలేదు, నూనె పలుచబడినది. పైగా గేరు నూనెలో మందుగా ఉండే భాస్వరము సుమారు అయిదవ వంతు తగ్గినది. మందులో అయిదవ వంతు పోయి ఆ చోట పలుచని నూనె వచ్చినదంటే, ఎవరో లీటరు మేరకు వేరే నూనె కలిపినట్టే. వి.జి. 150లో అయిదవ వంతు వి.జి. 22 నూనె కలిస్తే చిక్కదనము 95 దగ్గరకు దిగుతుందని లెక్కకు కూడ వచ్చినది. రాత్రి పాళీ మనిషిని మెల్లగా అడిగితే, "నూనె తక్కువ కనబడ్డది అన్నా, ఆ డబ్బాలదే పోసిన" అన్నాడు. అతడు చూపినది స్పిండిలు నూనె డబ్బా. రెండు డబ్బాలూ ఒకే రంగు, ఒకే పరిమాణము, చీటీలు నూనెకు తడిసి ఊడినవి. తప్పు అతనిది కాదు. డబ్బాలు అట్లు ఉంచిన మాది. నూనె మార్చి, స్పానర్లు వెనుకకు పంపినాము. విప్పనక్కరలేని గేరుబాక్సును విప్పుట కూడ ఒక రోగమే. దుమ్ములో తెరచిన ప్రతి పెట్టె ఏదో ఒకటి లోపలికి తీసుకొంటుంది.

కంప్రెసరు రిపోర్టులో రాగి ఎక్కువ వచ్చినది. దాని ప్రక్కన తగరము లేదు, ఇనుము పెరగలేదు. ఒంటరిగా రాగి కనబడితే బేరింగును అనుమానించుటకు ముందు కూలరును చూడవలెను. రాగి గొట్టముల కొత్త కూలరు నుండి నూనె కొన్నాళ్లు రాగిని కరిగించి తీసుకొంటుంది. పోను పోను తగ్గుతుంది. మేము ఆ ఏడే కూలరు మార్చి ఉన్నాము. ఊరక చూచుటకు నిశ్చయించినాము, తరువాతి రెండు రిపోర్టులలో అంకె దిగుతూ వచ్చినది.

ఒక్క రిపోర్టు చూచి తీర్పు చెప్పరాదనుటకు ఇదే కారణము. మూడు రిపోర్టులు వరుసగా ఉంటేగాని నడక తెలియదు. మేము ఒక మామూలు నోటుపుస్తకములో యంత్రమునకు ఒక పుట చొప్పున కేటాయించి, తేదీ, గంటలు, చిక్కదనము, ఆమ్లము, నీరు, ఇనుము, రాగి, సిలికాను, పి.క్యూ. వ్రాసుకొంటున్నాము. అంకెలు వ్రాసే పని మా అమ్మాయి చేస్తున్నది. ఏ అంకె ముందటిదానికి రెట్టింపైనా దాని క్రింద ఎర్ర గీత గీస్తుంది.

ప్రయోగశాలకు పంపుటకు ముందు ఇంట్లో చేయదగినవి కొన్ని ఉన్నవి. కొత్త నూనె, వాడిన నూనె ఒకే తీరు గాజు సీసాలలో పోసి వెలుతురుకు పట్టి చూడుడు. పాలలా తెల్లబారితే నీరు. నల్లబడి పులిసిన వాసన వస్తే కాలినది. రెండు సీసాలలో సమానముగా చోటు వదిలి, గట్టిగా మూతలు పెట్టి, ఒక్కసారి తలక్రిందులు చేస్తే గాలి బుడగ పైకి ప్రాకుతుంది; ఏ బుడగ ముందు చేరితే ఆ నూనె పలుచన. మా నాలుగవ మగ్గము సంగతి ఈ బుడగే చెప్పి ఉండును. అయస్కాంతమును ప్లాస్టికు కాగితములో చుట్టి నూనెలో త్రిప్పి తీస్తే ఇనుప రజను అంటుతుంది. కాగితము విప్పి తెల్ల కాగితము మీద విదిలించి చూడవలెను. వేడి పెనము మీద ఒక్క చుక్క వేస్తే, నీరున్నచో చిటపటలాడి బుడగలు లేస్తవి. ఈ చివరి పరీక్షను కార్ఖానా లోపల చేయరాదు. దూది ఎగిరే చోట నిప్పు పెట్టకుడు. ఆరుబయట, ముఖము దూరముగా ఉంచి, ఒక్క చుక్కతోనే.

ప్రయోగశాలను ఎంచుకొనేటప్పుడు ఎన్.ఎ.బి.ఎల్. గుర్తింపు ఉన్నదా, ఆ గుర్తింపు మనము అడిగే పరీక్షలకు ఉన్నదా అని అడగవలెను. నూనె అమ్మేవారు ఉచితముగా చేసిపెడతామంటే కాదనక్కరలేదు, కాని అంకెలన్నీ కాగితము మీద ఇవ్వమనవలెను. "బాగున్నది" అనో "మార్చండి" అనో ఒక్క మాట వ్రాసిన కాగితము వల్ల లాభము లేదు. రుసుము ఏయే పరీక్షలు కోరుతామో దానిని బట్టి ఉంటుంది. గేరుబాక్సుకు చిక్కదనము, ఆమ్లము, నీరు, లోహములు, పి.క్యూ. చాలును. నాలుగైదు కార్ఖానాలవారు కలిసి ఒకేసారి సీసాలు పంపితే రవాణా ఖర్చు పంచుకొనవచ్చును, పీల్చుపంపు ఒకటే కొనవచ్చును.

ఎన్నాళ్లకు ఒకసారి? మొదటి ఏడు మూడు నెలలకొకసారి పంపి నడక తెలుసుకొనుట మంచిది. ఆ తరువాత శాంతముగా ఉన్న యంత్రమునకు ఆరు నెలలు చాలును. పాత మగ్గము కొనేవారు బేరము తెగుటకు ముందే ఒక సీసా తీయించుకొనుట గూర్చి ఆలోచించవలెను. అమ్మేవాడు ముందురోజే నూనె మార్చి ఉంటే ఏమీ తెలియదు. అప్పుడు మూత క్రింది అయస్కాంతమును, అడుగు ప్లగ్గును విప్పి చూపమని అడుగుటే దారి.

మా మూడవ మగ్గమునకు కొత్త ఊపిరి మూత, కొత్త నూనె పడిన తరువాత మొదటి మూడు నెలలలో ఇనుము 38, సిలికాను 11 వచ్చినవి. రెండవసారి ఇనుము 52; సిలికాను పెరగలేదు. గంటలు కూడ పెరిగినవి గనుక భయపడలేదు గాని, పి.క్యూ. కొంచెము కదిలినది. అమ్మాయి ఎర్ర గీత గీయలేదు, పెన్సిలుతో ఒక చుక్క పెట్టినది. మూడవ సీసా ఈ సోమవారము పంపినాము.